ఖర్కాయ్ నీళ్ళలో గాజుపలకలు

శనివారం పొద్దున్న ఖర్కాయ్ నది వరద తీసిందని అన్నయ్య దుర్గాప్రసాద్ ఫోన్ చేసేసరికి శైలజ చెప్పులేసుకుని గుమ్మంలోనే ఉంది. రెండు రోజులుగా ఆమె అడుగుతున్నది ఒకటే. మంచం కింది రేకుపెట్టె ఎత్తి పైన పెట్టారా, లేదా? దుర్గాప్రసాద్ ఆ ఒక్కటి తప్ప అన్నీ చెప్పాడు. ధనమ్మత్తని మేడమీదకి చేర్చామన్నాడు, ఫ్రిజ్‌ని బల్ల మీదకి ఎక్కించామన్నాడు, బియ్యం తడవలేదన్నాడు. ఈ పొద్దున్న ఇక దాచలేక అసలు సంగతి చెప్పేశాడు.

"పెట్టి నీళ్ళల్లోనే ఉండిపోనాదే శైలా. అందులో కంగారేటుంది? గాజులే గదా. కడిగి ఎండలో పెడతన్నాను."

"ఎండలో పెట్టొద్దన్నియ్యా. నానొచ్చీదాకా ముట్టుకోకు," అంది శైలజ. ఆ మాట అతనికి చేరిందో లేదో తెలీదు. ఫోను తెగిపోయింది. మళ్ళీ చేస్తే మోగలేదు. బాగ్‌బేరాలో గురువారం నుంచి కరెంటు లేదు. ఉన్న కాస్త చార్జింగూ అంతటితో అయిపోయినట్టుంది.

కూతురు యోగితని లేపి స్కూటీ తియ్యమంది. టాటానగర్‌లోనే అయినా తాముండే బిర్సానగర్ నుంచి అన్నయ్యుండే బాగ్‌బేరా మామూలు రోజుల్లోనే అరగంట పైన పడుతుంది. ఆ పొద్దున్న దారంతా బురద, అడ్డంగా లారీలు. వెనక కూర్చున్న శైలజ ఎండ ఎంతెక్కిందో చూసుకుంటూ ఉంది. ఆగస్టు నెలలో వాన వెలిసిన మర్నాడు కాసే ఎండ ఎలా ఉంటుందో ఆమెకి తెలుసు. ఆ ఎండలో తడిసిన గాజుపలక ఏమవుతుందో ఆ ఇంట్లో ఆమెకి ఒక్కదానికే తెలుసు.

నలభై ఎనిమిదేళ్ళ శైలజ ఇప్పుడు బిష్టుపూర్‌లో ఒక ఫొటో దుకాణంలో కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలకి తెల్ల గోడలు అతికిస్తుంది. కానీ పద్దెనిమిదేళ్ళ వయసులో ఆమె చేరింది అదే వీధిలోని ఒక స్టూడియో చీకటిగదిలో. పదకొండేళ్ళు చీకట్లో ఫిల్ములు, ఎర్రబల్బు కింద ఫొటోలు కడిగింది. బొమ్మ నిలబడేది గాజు మీద కాదు, గాజుకి పూసిన జిగురుపొర మీద అని అక్కడే నేర్చుకుంది. ఆ పొర చల్లనీళ్ళలో ఉబ్బుతుంది. వేడి తగిలితే కరిగి జారిపోతుంది. ఒకదానికొకటి అంటుకుని ఎండిపోతే మళ్ళీ విడదీయడం ఎవరితరమూ కాదు.

పెట్టెలో ఉన్నవి మూడు అట్టపెట్టెల పలకలు, పెట్టెకి పన్నెండు. వందేళ్ళ కిందటివి. ముత్తాత అప్పన్న తీసిన ఫొటోలవి అని ఇంట్లో అందరూ చెప్పుకునేవారు. అప్పన్న బొబ్బిలి దగ్గర పల్లె నుంచి రైల్వేలో ఫిట్టరుగా వచ్చాడు. అప్పటికి ఈ స్టేషను పేరు టాటానగర్ కాదు, కాలిమాటి. తన దేశం వెళ్ళిపోతున్న ఇంజనీరు దొర ఒకడు తన పాత పెట్టెకెమెరాని అతనికి ఇచ్చి పోయాడట. అందులో డజను గాజుపలకలు పట్టేవి. మీట నొక్కితే బొమ్మ పడేది, ఇంకో మీట నొక్కితే ఆ పలక లోపల పడిపోయి తరవాతిది ముందుకొచ్చేది. పలకలూ మందులూ కలకత్తా నుంచి పార్సెల్లో రావాలి. బొగ్గుల గది తలుపు సందుల్లో గోనెలు కుక్కి, లాంతరుకి ఎర్రగుడ్డ చుట్టి అక్కడే కడిగేవారు. కాగితాన్ని పలకతో కలిపి చట్రంలో బిగించి ఎండలో పెడితే ఫొటో తేలేది. కాలిమాటిలో ఉన్న తెలుగు కూలీలు ఆ ఫొటోలని ఉత్తరాల్లో పెట్టి ఊళ్ళకి పంపేవారు. చదువురాని తల్లికి కొడుకు బతికే ఉన్నాడని చెప్పడానికి అంతకంటే గట్టి ఉత్తరం లేదు. కొందరు మాత్రం ఆయుష్షు తగ్గుతుందని కెమెరాకి ఎదురొచ్చేవారు కారు.

ఇదంతా దుర్గాప్రసాద్‌కి కంఠతా వచ్చు. గూడ్సు గార్డుగా రిటైరయ్యాక తెలుగు సంఘానికి కార్యదర్శి అయ్యాడు. అంతకు ముందునుంచే, ఇరవై ఏళ్ళుగా, ఏ సభలో మైకు దొరికినా ముత్తాత గురించి రెండు మాటలు చెప్పకుండా దిగడు. ఈ ఏడు సంఘం వేస్తున్న ప్రత్యేక సంచికకి అప్పన్న ఫొటోయే ముఖచిత్రం. కింద 'మన తొలి ఫొటోగ్రాఫర్' అని అక్షరాలు. అది ఈ సాయంత్రం అయిదుకి సాక్చీలో ప్రెస్సుకి వెళ్ళాలి.

ఇంటి గోడల మీద నడుమెత్తున నీటి గీత కనిపించింది. శైలజ స్కూటీ ఆగీ ఆగకముందే దిగి మేడమెట్లు ఎక్కింది.

పిట్టగోడ మీద నాలుగు పలకలు వరసగా పడుకోబెట్టి ఉన్నాయి. అన్నయ్య వాటిని శుభ్రంగా కడిగి మరీ పెట్టాడు. మూడు అప్పటికే ఉత్త గాజులు. వాటి మీది నల్లటి పొర చిక్కటి గంజిలా కారి గోడ మీద మడుగు కట్టింది. నాలుగోదాని మీద ఒక మనిషి, పక్కన పెద్ద చక్రం ఇంకా కనిపిస్తున్నాయి. శైలజ చెయ్యి చాచేలోపే చక్రం వంగింది. మనిషి నడుం దగ్గర ముడతపడి, మెల్లగా కిందికి జారాడు. ఆమె రెండు అరచేతులూ కింద పట్టింది. చేతిలో పడింది వెచ్చటి జిగురు.

దుర్గాప్రసాద్ వెనకే నిలబడ్డాడు. "ఆరిపోతాయనుకున్నానే," అన్నాడు.

శైలజకి కోప్పడడానికి టైము లేదు. మిగతావి ఎక్కడున్నాయని అడిగింది. పెట్టె వసారాలో ఉందన్నాడు.

రేకుపెట్టె మూత తెరిస్తే బురదనీళ్ళు అంచుదాకా ఉన్నాయి. అట్టపెట్టెలు నానిపోయి ముద్దయ్యాయి. నీళ్ళలో చెయ్యిపెట్టి చూసింది, ఇంకా చల్లగానే ఉన్నాయి. అదొక్కటే అదృష్టం. ఒక గంట పోతే ఉండవు. టాంకు నీళ్ళు వేడెక్కి ఉన్నాయి. బోరింగు నీళ్ళు చల్లగా ఉన్నా బురద.

యోగితని పిలిచి ఐసు కావాలంది. పటిక కూడా, ఎంత దొరికితే అంత.

"బిజ్లీ నహీఁ హై మమ్మీ, బరఫ్ కహాఁ మిలేగా?" అంది యోగిత, కరెంటే లేనప్పుడు ఐసెక్కడ దొరుకుతుందని.

రైల్వే మార్కెట్‌లో చేపలవాళ్ళ దగ్గర ఉంటుంది, కాళ్ళు పట్టుకునైనా తీసుకురమ్మంది శైలజ. పటిక మంగలిషాపులో అడగమంది. పటిక బురదని అడుక్కి దింపుతుంది, జిగురుపొరని గట్టిపరుస్తుంది. ఎండాకాలంలో కరెంటు పోయి చీకటిగది ఉడికిపోయినప్పుడు స్టూడియో ముసలాయన ఫిల్ముకి ఆ వైద్యమే చేసేవాడు.

యోగిత వెళ్ళాక శైలజ రెండు పెట్టెల ముద్దని బోరింగు నీళ్ళ టబ్బులోకి దించింది. మూడోది కనపడలేదు. రేకుపెట్టె అడుగంతా తడిమింది. లేదు. ఎక్కడ పెట్టావని అన్నయ్యని అడిగితే అతని ముఖం మారిపోయింది. నానిపోయిన చాపలు, పుస్తకాలు, పరుపు అన్నీ గేటు బయట కుప్పేశాడు. ఆ అట్టముద్దని కూడా పుస్తకమనుకుని అందులో పడేశాడు.

గేటు బయట కుప్ప లేదు. చెత్త ట్రాక్టరు వీధి చివర మలుపు తిరుగుతోంది.

అరవై మూడేళ్ళ మనిషి, బీపీ మాత్రలు వేసుకునే మనిషి, లుంగీ ఎగ్గట్టి మోకాల్లోతు బురదలో పరుగెత్తాడు. శైలజ గేటు దగ్గరే ఉండిపోయింది. టబ్బుని వదిలి వెళ్ళలేదు. మలుపు దాటాక అతను కనిపించలేదు. ట్రాక్టరు చప్పుడు కూడా ఆగిపోయింది. పది నిమిషాల తరవాత దుర్గాప్రసాద్ తిరిగొచ్చాడు. ఒంటినిండా బురద, గుండెలకి హత్తుకుని ఒక అట్టముద్ద. పడినప్పుడు మోచెయ్యి చీరుకుపోయి రక్తం కారుతోంది. పరుపు కింద నలిగి పైన రెండు పలకలు పగిలాయి. మిగతావి సగానికి పైగా నిలిచాయి. ఆ ముద్దని అతను టబ్బులోకి దించిన తీరు చూసి, అన్నయ్య మీద పొద్దుటినుంచీ ఉన్న కోపాన్ని శైలజ పక్కన పెట్టింది.

ఐసొచ్చింది. చేపలవాసన కొడుతున్న దిమ్మ. పటికొచ్చింది. ధనమ్మత్త మోకాలి ఎక్స్‌రే ఫిల్ముని శైలజ సన్నటి పట్టీలుగా కత్తిరించింది. అంటుకున్న రెండు పలకల మధ్యకి, నీళ్ళలోనే ఉంచి, ఆ పట్టీని వెంట్రుకవాసి చొప్పున జరపాలి. కాస్త బలం ఎక్కువైతే ఒక పలక బొమ్మ రెండోదానికి అంటుకుని ఊడొస్తుంది. మొదటి జతలో అలాగే ఒకటి పోయింది. రెండో జత నిలిచింది. వేళ్ళు తిమ్మిరెక్కితే తీసి చంకలో పెట్టుకుని మళ్ళీ దించేది. మాట్లాడొద్దంది, పక్కన నడవొద్దంది. దుర్గాప్రసాద్ టబ్బు పక్కన పీటేసుకుని ఐసు ముక్కలు అందించాడు. విడదీసిన పలకని పటిక నీళ్ళలో ముంచి, వంటింటి కంచాల స్టాండులో నిలువుగా పెట్టి నీడకి తీసుకెళ్ళడం యోగిత వంతు.

మధ్యాహ్నం రెండు దాటాక ఆఖరి పలక స్టాండెక్కింది. ముప్పై ఆరింటిలో ఇరవై ఆరు నిలిచాయి. శైలజ లేవబోతే నడుం పట్టేసింది.

పలక మీద తెలుపు నల్లగా, నలుపు తెల్లగా ఉంటుంది. యోగిత తన ఫోన్‌లో రంగులు తిరగేసి చూసే ఏర్పాటు చేసి ఒక్కొక్కదాన్నే ఆకాశం వైపు పట్టింది. నల్లటి మనుషులు తెల్లబడి బయటికొచ్చారు. పీట మీద కూర్చున్న బాలింత, తలపాగాల కూలీలు, కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డ పెళ్ళికొడుకు. దుర్గాప్రసాద్ చిన్నపిల్లాడిలా పక్కనే ఒరిగి చూస్తున్నాడు. తరవాతి దాంట్లో ఇంజను ముందు నలుగురు మనుషులు. మధ్యలో ఉన్నది అప్పన్న. మీసం చూసి గుర్తుపట్టి దుర్గాప్రసాద్ నవ్వాడు.

యోగిత ఫొటోని పెద్దది చేసి, ఈ నీడ ఎవరిదని అడిగింది. "మమ్మీ, యే పర్ఛాయీ కిస్‌కీ హై?"

నలుగురి కాళ్ళ ముందు నేల మీద ఒక నీడ పడి ఉంది. సూర్యుడు వీపు వెనక ఉంటే ఫొటో తీసేవాళ్ళ నీడ అలా వచ్చి పడుతుంది. దుకాణానికి వచ్చే ఫొటోల్లో శైలజ ఎన్నో చూసింది. కానీ ఈ నీడకి కొప్పుంది. భుజం మీంచి జారిన పైటంచుంది. మోచేతులు రెండూ పక్కలకి వంచి పొట్ట దగ్గర ఒక పెట్టెని పట్టుకుంది. దాని పక్కనే, పైటకొంగు పట్టుకుని, ఇంకో చిన్న నీడ.

శైలజ మిగతావి మళ్ళీ చూడమంది. ఇంకో రెండింటిలో అదే కొప్పు, అదే మోచేతులు.

దుర్గాప్రసాద్ ముందుగా తేరుకున్నాడు. అప్పన్నే పక్కన ఉన్నవాళ్ళెవరికో ఒకసారి ఇచ్చి తన ఫొటో తీయించుకుని ఉంటాడన్నాడు. అతను లేని ఫొటోలో కూడా ఆ నీడ ఎందుకుందని శైలజ అడిగింది. ఇంట్లో దీనికి జవాబు చెప్పగలిగేది ఒక్క మనిషే. మేడమీద గదిలో పడుకున్న ధనమ్మత్త.

ధనమ్మకి ఎనభై రెండేళ్ళు. వాళ్ళ నాన్న తోడబుట్టింది. తన నాయనమ్మ, అప్పన్న భార్య దాలమ్మ చేతుల్లో పెరిగింది. యోగిత ఫోన్‌ని ఆమె కళ్ళకి దగ్గరగా పట్టింది. ఆమె చాలాసేపు చూసింది. పెద్ద నీడని చూసి కాదు, చిన్న నీడని చూసి కళ్ళు తుడుచుకుంది.

"ఈడు మా అయ్య," అంది. "మా మామ్మ పెట్టి పట్టుకున్నంతసేపూ కొంగు ఒగ్గొద్దనీదంట. పట్టాల మీదికి పోతాడని బయ్యం. మా అయ్య సెప్పీవోడు."

దుర్గాప్రసాద్ గోడకి ఆనుకున్నాడు. "అయితే ఫొటోలు తీసింది ముత్తాత కాదేటత్తా?"

ధనమ్మ తనకి తెలిసినంతా చెప్పింది. దొర పెట్టె ఇచ్చింది అప్పన్నకే. రెండుసార్లు తీసి, బొమ్మలు మసకగా వస్తే అతను విసుక్కుని పక్కన పెట్టేశాడు. దాలమ్మ పట్టుకుంది. పలకలు కడిగే మందుతో ఆమె వేళ్ళు గోధుమరంగుకి తిరిగి, గోళ్ళు నల్లబడ్డాయి. అదేదో రోగమని కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఆమె బిందె తగిలితే తమ బిందె తోముకునేవారు. అయినా మగవాళ్ళ కెమెరా ముందు కూర్చోవడానికి ఒప్పుకోని బాలింతలు దాలమ్మ ముందు కూర్చున్నారు. ఆమె అక్కడితో ఆగలేదు. భర్తకి కూడు పట్టుకెళ్ళే వంకతో కెమెరాని బుట్టలో పెట్టుకుని రైల్వే యార్డులోకి పోయేది.

"గుమస్తా ఎవుడో పై దొరకి రాసీనాడు. ఆడది ఇంజన్ల కాడ పెట్టి పట్టుకు తిరుగుతన్నాదని. తాతని పిలిపించినారు. ఆడు బయ్యపడిపోయి, బొమ్మలన్నీ నానే తీసినాను బాబూ, మా ఆడది కూడు తెచ్చినాదంతే అని సెప్పీసినాడు. నౌకరీ నిలబడ్డాది. ఇంక అదే మాట అందరికీ సెప్పవలిసొచ్చింది. మామ్మ మరి పెట్టి ముట్టుకోనేదు."

"ఆ తరవాత?" అంది శైలజ.

"యార్డు పలకలు ఇంట్లో ఉంటే ముప్పని సోడా కలిపిన ఏణ్ణీళ్ళలో ఏసి గీకీసినాది. మామ్మే. ఆ అద్దాలు కోటర్స్ కిటికీకి బిగించినారు. ఇయ్యి మాత్రం ఎలాగో దాసీసినాది."

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని దుర్గాప్రసాద్ అడిగాడు. గొంతులో కోపమూ ఉంది, బతిమాలుకోవడమూ ఉంది. తండ్రి అబద్ధమాడాడని బయటపడుతుందని తన అయ్యే వద్దన్నాడంది ధనమ్మ. ఆ తరవాత మైకు ముందు నువ్వు అంత సంబరంగా చెబుతుంటే నాకు నోరు రాలేదంది.

గోడ గడియారంలో నాలుగు దాటింది. శైలజ ఫోన్ మోగింది. ప్రెస్సు వాళ్ళు. కార్యదర్శిగారి ఫోన్ పనిచెయ్యడం లేదని ఈ నంబరుకి చేశారు. కవరు ఓకేనా అని అడుగుతున్నారు. శైలజ ఫోన్ మీద చెయ్యి అడ్డంపెట్టి అన్నయ్య వైపు చూసింది.

"ఆపమని చెప్పన్నియ్యా."

"ఆపి? ఇరవై ఏళ్ళు అబద్ధం చెప్పీనానని ఒప్పుకోమంటావేటి? జనం నవ్వరా?"

"నువ్వు తెలిసి చెప్పలేదు. రేపట్నుంచి చెబితే మాత్రం తెలిసి చెప్పినట్టే."

అతని ముఖం ఎర్రబడింది. ముత్తాత పరువు తియ్యడానికి పొద్దుటినుంచీ ఇంత కష్టపడ్డావా అన్నాడు. ఆ మాట శైలజకి గుచ్చుకుంది. ఐసు నీళ్ళకీ పటికకీ పగిలిపోయిన చేతులు చీరలో దాచుకుంది. పదినిమిషాల్లో చెబుతామని ప్రెస్సుకి తనే చెప్పి ఫోన్ పెట్టేసింది. దుర్గాప్రసాద్ గదిలోంచి వెళ్ళిపోయాడు.

అతను కింద గోడకి తగిలించి ఉన్న అప్పన్న ఫొటో ముందు నిలబడి ఉండడం శైలజ మెట్ల మీంచి చూసింది. సరిగ్గా నీటి గీతకి జానెడు పైన ఉండడంతో అది తడవలేదు. ముఖచిత్రానికి ఇచ్చింది ఆ ఫొటోనే. ఇంజను పక్కన చెయ్యి ఆనించి, కాస్త బెరుకుగా, ఎదురుగా ఉన్న మనిషిని చూస్తున్న అప్పన్న. తన భార్యని చూస్తున్నాడని శైలజకి అప్పుడు తట్టింది. అన్నయ్యకీ తట్టిందో ఏమో తెలీదు. ఫోన్ మళ్ళీ మోగింది. ఆమె తియ్యలేదు. అది మోగి మోగి ఆగింది.

దుర్గాప్రసాద్ వెనక్కి తిరిగాడు. ఫోన్ ఇమ్మని చెయ్యి చాచాడు. ప్రెస్సు వాడితో హిందీలో మొదలుపెట్టి, పేర్ల దగ్గరికొచ్చేసరికి తెలుగులోకి దిగాడు. ఫొటో అదే ఉండాలి, కింది అక్షరాలు తీసేయాలి. కొత్తవి రాసుకోమన్నాడు. 'రైల్వే ఫిట్టరు అప్పన్న.' అక్కడ ఆగిపోయాడు. "ఫొటో తీసినది ఆయన భార్య దాలమ్మ," అన్నాడు. అవతలివాడు మళ్ళీ చెప్పమన్నట్టున్నాడు. "దా-ల-మ్మ," అని విడివిడిగా చెప్పాడు.

రెండు వారాల తరవాత జరిగిన సభలో అతను ఆ సంగతి చెప్పాడు. ఎప్పటిలా గొంతెత్తి కాదు, కాగితం చూసి చదివాడు. ముందు వరసలో ఒక పెద్దాయన, ఆ కాలంలో ఆడమనిషి చేతికి కెమెరా ఎవరిస్తారయ్యా, ఇదంతా కట్టుకథ అన్నాడు. దుర్గాప్రసాద్ వాదించలేదు. నీడ పడ్డ ఫొటోని పెద్దగా ప్రింటు తీసి శైలజ బోర్డుకి అతికించింది, వెళ్ళి చూడమన్నాడు. పెద్దాయన వెళ్ళి చూశాడు. ఒప్పుకోలేదు. కానీ చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. అన్నాచెల్లెళ్ళ మధ్య కూడా అంతా సర్దుకుపోలేదు. పరువు మాట గురించి అతను క్షమించమనలేదు. ఆమె అడగలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం శైలజ బాగ్‌బేరా వస్తోంది. ఫొటోలు ఒక్కొక్కటే ధనమ్మకి చూపిస్తే, తెలిసినంతవరకు ఆమె పేర్లు చెబుతుంది. ఈవిడ ఫలానా వాళ్ళ అమ్మ, ఈడు బొగ్గు తోడీవోడు అని. యోగిత నోటుబుక్కులో రాస్తుంది. దానికి తెలుగు రాయడం రాదు, హిందీ అక్షరాల్లోనే రాస్తుంది. దుర్గాప్రసాద్ పక్కన కూర్చుని తప్పులు దిద్దుతాడు. కొత్త చెప్పులు చేత్తో పట్టుకున్న పెళ్ళికొడుకు దగ్గర మాత్రం ధనమ్మ మూడు ఆదివారాలుగా ఆగిపోతోంది. చూసినట్టే ఉందంటుంది, పేరు రావడం లేదంటుంది. యోగిత అక్కడ ఒక గీత గీసి ఖాళీ వదిలింది.